అందని ఉత్తరాలు – ఆగిపోయే వరుస

(శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులు, కార్యదర్శుల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పాల సంఘాల సమావేశమంటే దాణా గురించో, దూడల పెంపకం గురించో, వెన్న శాతం గురించో చెబుతారని మీరు అనుకోవడం సహజం. ఈ రోజు మాకు అప్పగించిన విషయం వేరు. సమాఖ్య కార్యాలయంలోని టపా కంప్యూటరులో అందని ఉత్తరాలు పేరుకుపోతే ఏమవుతుంది, వాటిని ఎట్లా సర్దుకోవాలి అన్నది మేము మనవి చేయవలసిన సంగతి. "అది కంప్యూటరు గుమాస్తాల పని, మా పాడికీ దానికీ ఏమిటి సంబంధం?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. ఎట్లాగో చెబుతాము.

గాలికుంటు టీకా వేసే తేదీ, పాల ధరల పట్టికలో మార్పు, పాల బిల్లు వివరం, ట్యాంకరు వేళలో మార్పు – ఇవన్నీ సంఘానికి ఈ-మెయిలు ద్వారా వచ్చే సంగతులే. టీకా మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచి తీసుకువస్తారు. ఆ రోజు పశువులను మేతకు తోలకుండా ఇంటి దగ్గర కట్టి ఉంచాలన్న కబురు ఊరికి చేరకపోతే, వచ్చినవారు తిరిగిపోతారు, పశువు టీకా లేకుండా మిగిలిపోతుంది. ట్యాంకరు రెండు గంటలు ముందుగా వస్తుందన్న కబురు చేరకపోతే, పిండిన పాలు ఎవరికోసమూ ఆగవు. కనుక ఉత్తరం ఆలస్యమైతే నష్టపోయేది గుమాస్తా కాదు, పాలు పోసే సభ్యుడే, సభ్యురాలే.

ఉత్తరం ప్రయాణం

ఈ-మెయిలు మీట నొక్కగానే అవతలివారి పెట్టెలో పడుతుందని చాలామంది అనుకుంటారు. అట్లా జరగదు. మన పాల ప్రయాణాన్నే తలచుకోండి. సభ్యుడు పాలు కేంద్రానికి తెస్తాడు. అక్కడ కొలిచి, పరీక్షించి, క్యానులో పోస్తారు. రూటు వ్యాను వచ్చి శీతలీకరణ కేంద్రానికి చేరుస్తుంది. అక్కడి నుంచి ట్యాంకరు డెయిరీకి పోతుంది. ప్రతి మజిలీలోనూ ఒకరు అప్పగిస్తారు, ఒకరు పుచ్చుకుంటారు.

ఉత్తరం కూడా ఇంతే. గుమాస్తా రాసిన ఉత్తరాన్ని ముందుగా మన టపా కంప్యూటరు పుచ్చుకుంటుంది. దీన్నే సర్వరు అంటారు. పుచ్చుకున్నదాన్ని భద్రంగా దాచి, పంపవలసిన ఉత్తరాల వరుసలో పెడుతుంది. కంప్యూటరు వారి మాటలో ఈ వరుసే క్యూ. తరువాత చిరునామా చూసి, ఆ చిరునామా ఏ సర్వరుకు చెందినదో కనుక్కొని, దాని తలుపు తట్టి, "ఫలానా వారికి ఉత్తరం తెచ్చాము, పుచ్చుకుంటారా?" అని అడుగుతుంది. అవతలివారు "పుచ్చుకున్నాము" అని చెప్పిన తరువాతనే మన సర్వరు ఆ ఉత్తరాన్ని తన వరుసలోంచి కొట్టివేస్తుంది. అంతవరకు ఆ ఉత్తరం బాధ్యత మనదే.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. దీనికి ఆధారమైన నియమావళిని 1982 ఆగస్టులో అమెరికాలో జొనాథన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. 2001లోను, 2008లోను దాన్ని సవరించి తిరగరాశారు. మూలసూత్రం మాత్రం మారలేదు. ఒకసారి పుచ్చుకున్న ఉత్తరాన్ని చేర్చనైనా చేర్చాలి, చేర్చలేకపోతే ఆ మాట పంపినవారికి చెప్పనైనా చెప్పాలి. చెప్పాపెట్టకుండా పారవేయకూడదు. మీ పాలు కేంద్రంలో పుచ్చుకొని, చీటీ ఇవ్వకుండా, ఎక్కడో ఒలకబోస్తే మీరు ఊరుకుంటారా? ఇదీ అంతే.

రెండు రకాల "కాదు"

అవతలి సర్వరు తన జవాబును మూడంకెల సంఖ్యతో చెబుతుంది. ఆ సంఖ్య 2తో మొదలైతే పుచ్చుకున్నట్టు. 4తో మొదలైతే "ఇప్పుడు వీలుకాదు, మళ్ళీ రండి" అని అర్థం. 5తో మొదలైతే "వీలుకాదు, ఈ ఉత్తరంతో ఇక రావద్దు" అని అర్థం. 450 అంటే పెట్టె ప్రస్తుతం అందుబాటులో లేదని, 550 అంటే చాలాసార్లు ఆ పేరుగల పెట్టే లేదని. అసలు జవాబే రాకపోతే దాన్ని కూడా "ఇప్పుడు కాదు" కిందనే జమకట్టాలి.

ఈ తేడా తపాలా బంట్రోతుకు ఎప్పటినుంచో తెలిసినదే. ఇంటికి తాళం ఉంటే రేపు మళ్ళీ పోతాడు. నాగావళి పొంగి ఊరికి దారి లేకపోతే, నీరు తీసేదాకా ఉత్తరాన్ని ఆపి ఉంచుతారు. అంతేకాని, ఆ ఊరే లేదని రాయరు. ఆ పేరుగల మనిషి ఊళ్ళో లేడని తేలితే మాత్రం, కవరు మీద ఆ మాట రాసి వెనక్కు పంపుతారు. విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో పనులకు వలసపోయిన మనవారి పేరిట వచ్చిన ఉత్తరాలు "వెళ్ళిపోయినారు" అన్న రాతతో తిరిగిపోవడం మన ఊళ్ళకు కొత్త కాదు.

అందని ఉత్తరం విషయంలో ప్రభుత్వం కూడా గట్టి కట్టుబాటే పెట్టింది. 1898 నాటి భారత తపాలా చట్టం ప్రకారం, అందని ఉత్తరాన్ని ముందు వీలైతే కొత్త చిరునామాకు మళ్ళించాలి, లేదా పంపినవారికి తిప్పి పంపాలి. పంపినవారెవరో తెలియనప్పుడు మాత్రమే దాన్ని విప్పవచ్చు. అదైనా అందుకోసం నియమించిన అధికారి, రహస్యం కాపాడుతానని కట్టుబడినవాడు, చిరునామా తెలుసుకోవడానికి మాత్రమే విప్పాలి. ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. అయినా పాత చట్టంలోని వివేకం మనకు పనికివస్తుంది. వరుసను సరిచేసే గుమాస్తా కవరు మీది రాత చూస్తే చాలు. లోపలి సంగతి అతనికి అక్కరలేదు.

వరుస ఎట్లా నిండుతుంది?

5తో మొదలయ్యే జవాబు వచ్చిన ఉత్తరం వరుసలో నిలవదు. వెంటనే వెనక్కు వస్తుంది. వరుసను నింపేవి అటూ ఇటూ కాని ఉత్తరాలు. అవతలివారు పుచ్చుకోరు, వద్దనీ చెప్పరు.

ఉదాహరణకు జీమెయిల్ అని కొట్టవలసిన చోట ఒక అక్షరం అటుదిటు అయిందనుకోండి. ఆ తప్పు పేరును కూడా ఎవరో రిజిస్టరు చేసుకొని ఉండవచ్చు. అక్కడ ఉత్తరాలు పుచ్చుకునే సర్వరు ఉండదు. మన సర్వరు పోయి తలుపు తడుతుంది. జవాబు రాదు. కొంతసేపు నిలబడి తిరిగివస్తుంది. మళ్ళీ పోతుంది.

ఎన్నిసార్లు పోతుందో లెక్క చూడండి. ప్రపంచంలో అనేక కార్యాలయాలు వాడే టపా ప్రోగ్రాములలో పోస్ట్‌ఫిక్స్ ఒకటి. హాలండు దేశస్థుడైన వీట్సె వెనెమా అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో ఉండగా రాసిన ఈ ప్రోగ్రాము 1998లో వెలువడింది. మనం వేరే ఏర్పాటు చేయకపోతే, ఇది మొదటి ప్రయత్నం తప్పినాక సుమారు 5 నిమిషాలకు మళ్ళీ పోతుంది. క్రమంగా వ్యవధి పెంచుకుంటూ చివరకు 4,000 సెకన్లకు, అంటే గంట దాటి కొద్దిసేపటికి, ఒకసారి చొప్పున తిరుగుతుంది. 5 రోజులు గడిస్తే ఇక వదలి, పంపినవారికి తిప్పి పంపుతుంది. 5 రోజులంటే 4,32,000 సెకన్లు. 4,000తో భాగిస్తే 108. ఒక్క తప్పు చిరునామాకు నూరుకు పైగా ప్రయాణాలు! ఇటువంటి ఉత్తరాలు 200 ఉంటే 20 వేలకు పైగా వృథా ప్రయాణాలు.

రూటు వ్యాను ఒకటే ఉండి, పాలు పోయని ఊళ్ళకు కూడా రోజుకు ఇరవై సార్లు పోయి వస్తూ ఉంటే, పాలు పోసే ఊళ్ళకు వేళకు ఎట్లా వస్తుంది? పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఒక్కొక్క పనికి ఒకేసారి 100 మంది బంట్రోతులు తిరుగుతున్నట్టు లెక్క. ఒక్క గమ్యం అందరినీ కట్టిపడవేయకుండా, ఒక గమ్యానికి 20 మందికి మించి పోకూడదన్న కట్టడి కూడా అందులో ఉన్నది. అది మంచి కట్టడే. కాని జవాబు చెప్పని గమ్యాలు పదుల సంఖ్యలో ఉంటే కట్టడి చాలదు. బంట్రోతులందరూ మూసిన తలుపుల ముందు నిలబడి ఉంటారు. ఆ సమయంలో టీకా తేదీ ఉత్తరం సరైన చిరునామాతోనే వచ్చి కూడా వరుసలో కూర్చుంటుంది.

రెండో కారణం తిరుగు ఉత్తరాలు. ఎవరో దుర్మార్గులు దొంగ పేరు పెట్టుకొని, మన కార్యాలయంలో లేని వ్యక్తుల పేర్లమీద వందల కొద్దీ చెత్త ఉత్తరాలు పంపుతారు. మన సర్వరు ముందూ వెనకా చూడకుండా అన్నీ పుచ్చుకొని, తరువాత పట్టిక చూసి, "ఈ పేరుగలవారు మా వద్ద లేరు" అని తిరుగు ఉత్తరాలు రాస్తుంది. అవి ఎవరికి పోవాలి? దొంగ చిరునామాకు. అవీ అందవు. వరుసలో అవే నిండిపోతాయి. పైగా ఆ దొంగ చిరునామా ఎవరో అమాయకునిదైతే, తాను రాయని ఉత్తరాలకు జవాబులు అతని నెత్తిన పడతాయి. ఇక్కడ నియమావళి ఒక మేలు చేసింది. తిరుగు ఉత్తరంలో పంపినవారి పేరు ఖాళీగా ఉండాలని చెప్పింది. అందువల్ల తిరుగు ఉత్తరానికి మళ్ళీ తిరుగు ఉత్తరం పుట్టదు. లేకపోతే రెండు సర్వరులు ఒకదాని మీదికి ఒకటి ఉత్తరాలు విసురుకుంటూనే ఉండేవి.

దీనికి మందు పాల కేంద్రంలో ఉన్నదే. పాలను పుచ్చుకునే చోటనే పరీక్షిస్తాము. కూలరులో పోసిన తరువాత పరీక్షించి ఎవరి పాలు విరిగాయో వెతకము. అట్లాగే ఉత్తరాన్ని తలుపు దగ్గరే పరీక్షించాలి. పేరు పట్టికలో లేకపోతే లోపలికి తీసుకోకుండా అక్కడే 550 అని చెప్పాలి. అప్పుడు తిరుగు ఉత్తరం రాయవలసిన పని మనకు ఉండదు.

మూడో నష్టం కంటికి కనిపించనిది. పెట్టెలు నిర్వహించే పెద్ద సంస్థలు పంపేవారి నడవడిని గమనిస్తూ ఉంటాయి. లేని పేర్లమీద మాటిమాటికి ఉత్తరాలు పంపే సర్వరును చెత్త పంపేవారిలో జమకడతాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయంలో నియమాలను మరింత బిగించాయి. ఒకసారి పేరు చెడితే, సరైన చిరునామాకు పోయే మంచి ఉత్తరం కూడా ఆలస్యం కావచ్చు, చెత్తబుట్టలో పడవచ్చు. నీళ్ళ పాలు పోసిన ఒక్క సంఘం వల్ల రూటు మొత్తానికి చెడ్డపేరు రావడం మీకు తెలియనిది కాదు.

చిరునామాలు ఎందుకు చెల్లకుండా పోతాయి?

మొదటిది, కార్యదర్శి మారడం. చాలా సంఘాల ఈ-మెయిలు కార్యదర్శి గారి సొంత పేరుమీద ఉంటుంది. ఆయన పదవి దిగిపోతారు, లేదా ఊరు విడిచి పోతారు. పెట్టె తాళం ఆయనతోనే పోతుంది. కొత్త కార్యదర్శి కొత్త పెట్టె తెరుస్తారు. సమాఖ్యకు రాయరు.

రెండోది, వాడకం లేకపోవడం. రెండేళ్ళపాటు తెరవని సొంత ఖాతాలను గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. నిన్నటివరకు "పుచ్చుకున్నాము" అన్న పెట్టె ఒకనాడు 550 అంటుంది.

మూడోది, పెట్టె నిండిపోవడం. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 15 గిగాబైట్లు. ఆ చోటులోనే ఫోటోలు, వీడియోలు కూడా చేరతాయి. పెళ్ళి వీడియోలతో చోటు నిండితే పాల బిల్లుకు చోటు ఉండదు. ఇటువంటప్పుడు తరచు 4తో మొదలయ్యే జవాబే వస్తుంది. కనుక అటువంటి ఉత్తరం రోజుల తరబడి వరుసలో తిరుగుతూనే ఉంటుంది.

నాలుగోది, కార్యాలయాలు మారడం. మన ప్రాంతం సంగతి చూడండి. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, పాలకొండ అందులో చేరింది. అదే రోజున రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, గేదె కదలలేదు, పై కార్యాలయం మాత్రం మారింది. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. పాత కార్యాలయం పెట్టె ఇంకా తెరిచే ఉంటే ఉత్తరం తిరిగి రాదు. అక్కడ చక్కగా అందుతుంది, సంబంధం లేని బల్లమీద పడి ఉంటుంది. తిరిగివచ్చిన ఉత్తరం తప్పు ఎక్కడున్నదో చెబుతుంది. తిరిగి రానిది చెప్పదు. అందుచేత ఉత్తరం తిరిగివస్తే విసుగుకోకండి. అది మనకు మేలు చేసే కబురే.

తుపాను రోజుల లెక్క వేరు

ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి, అందని ఉత్తరాలను ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదని మీకు తోచవచ్చు. అక్కడే జాగ్రత్త కావాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయి అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. ఫోనులు పనిచేయలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం నగరాన్నే దెబ్బతీసింది. నగరంలో కూడా కరెంటు, ఫోను, ఇంటర్నెట్ లేక జనం అవస్థపడ్డారు.

ఇటువంటి రోజులలో ఉత్తరాల సంగతి రెండు విధాలుగా ఉంటుంది. సంఘం పెట్టె గూగుల్ వంటి సంస్థ వద్ద ఉంటే, ఊళ్ళో కరెంటు లేకపోయినా ఉత్తరం పెట్టెలో పడుతుంది. కరెంటు వచ్చాక మీరు చూసుకోవచ్చు. కాని ఉత్తరం పంపే సర్వరు తుపాను పడిన చోటనే ఉండి, దాని లైను తెగిపోతే, బయలుదేరవలసిన ఉత్తరాలన్నీ వరుసలోనే ఆగుతాయి. శీతలీకరణ కేంద్రంలో సొంత సర్వరు ఉంటే అక్కడికి పోవలసినవీ అంతే. వాటిలో ఒక్కదానికీ చిరునామా తప్పు లేదు. అన్నీ మంచి ఉత్తరాలే. దారి ఒక్కటే లేదు.

గడువు 5 రోజులు అని చెప్పాము. వేచి ఉండడం కనీసం 4, 5 రోజులైనా ఉండాలని నియమావళి చెబుతున్నది. మామూలు రోజులకు అది చాలు. కాని ఆరో రోజుకు కూడా లైను రాకపోతే? గడువు తీరిందని సర్వరు ఉత్తరాలను తిప్పి పంపుతుంది. నష్టపోయిన పశువుల వివరాలు, దాణా సరఫరా కోరిన అర్జీలు, ఆగిన బిల్లుల జాబితాలు అందులో ఉండవచ్చు. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను హెచ్చరిక రాగానే ఈ గడువును పది రోజులకో, అంతకు మించో పెంచాలి. ఇది ఒక్క నిమిషం పని. లైను వచ్చాక మళ్ళీ తగ్గించవచ్చు. తప్పు చిరునామాల పట్ల కటువుగా ఉండడం ఎంత అవసరమో, ఆపదలో ఉన్నవారి చిరునామాల పట్ల ఓర్పుగా ఉండడం అంత అవసరం.

తుడిచివేయడం మందు కాదు

వరుస బాగా పెరిగినప్పుడు, మొత్తం తుడిచివేస్తే పీడ వదులుతుందని తొందరపడేవారు ఉంటారు. ఒక్క ఆజ్ఞతో వేల ఉత్తరాలు పోతాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిది ఈ పని.

ఇందుకు లోకమెరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వరులు వాడే కార్యాలయాలలో ప్రపంచమంతటా ఉత్తరాలు వరుసలలో నిలిచిపోయాయి. చిరునామాలు తప్పు కాదు, లైను తెగలేదు. ఉత్తరాలలో పురుగులున్నాయేమో పరీక్షించే భాగం తన జాబితా సంఖ్యను తేదీతో కలిపి రాసుకుంటుంది. కొత్త ఏడాదిలో ఆ సంఖ్య 220 కోట్లు దాటింది. దానికి కేటాయించిన గడి 2,14,74,83,647 వరకే పట్టగలదు. సంఖ్య పట్టక ఆ భాగం మొరాయించింది. పరీక్ష కాని ఉత్తరం ముందుకు పోదు గనుక అన్నీ నిలిచిపోయాయి. సంస్థ వారు వెంటనే సవరణ ఇచ్చారు. సవరణ చేసిన తరువాత వరుసలో ఉన్న ఉత్తరాలు కదిలిపోయాయి. వరుస నిండిందని తుడిచివేసినవారు ఎవరైనా ఉంటే, వారు చేజేతులా మంచి ఉత్తరాలు పోగొట్టుకున్నట్టే కదా?

కాబట్టి వరుస పెరిగినప్పుడు మొదట అడగవలసినది "ఎన్ని ఉన్నాయి?" అని కాదు, "ఎందుకు ఉన్నాయి?" అని. జ్వరం వచ్చిన గేదెకు ఏ జ్వరమో చూడకుండా సూది వేయిస్తామా?

కార్యాలయంలో పాటించవలసిన క్రమం

సమాఖ్య కార్యాలయంలో ఈ పనిని ఇట్లా చేయాలి. ముందు వరుస జాబితా తీయాలి. ప్రతి ఉత్తరం పక్కనా అది ఎందుకు ఆగిందో ఒక పంక్తి ఉంటుంది. ఉత్తరాలను గమ్యాల వారీగా, కారణాల వారీగా విడదీయాలి. ఇట్లా విడదీస్తే, కొండలా కనిపించినది సాధారణంగా కొద్దిపాటి కారణాలుగా తేలుతుంది.

లైను లేక ఆగినవాటిని ముట్టుకోకూడదు, గడువు పెంచి ఉంచాలి. నిండిన పెట్టెలకు ఆగినవాటి విషయంలో ఆ సంఘానికి ఫోను చేసి చెప్పాలి. చిరునామా స్పష్టంగా తప్పైనవాటిని 5 రోజులు తిప్పకుండా, పంపినవారికి వెంటనే కబురు చెప్పి, సరిచేసిన చిరునామాకు మళ్ళీ పంపించాలి. దొంగ చిరునామాలకు పోయే తిరుగు ఉత్తరాలను మాత్రమే, ఒకటికి రెండుసార్లు చూసుకొని, తొలగించాలి. సందేహం ఉన్నదాన్ని తొలగించకుండా పక్కన పెట్టాలి. అందుకు వేరే గది సర్వరులోనే ఉన్నది. టీకా, తుపాను వంటి అవసరపు ఉత్తరాలకు విడిగా ఒక దారి ఏర్పాటు చేస్తే, మామూలు వరుస నిండినా అవి ఆగవు. తిరిగివచ్చిన ఉత్తరాలు ఎవరూ చూడని పెట్టెలో పడకుండా, వాటిని రోజూ చదివే మనిషి ఒకరు ఉండాలి. వారు చదివి ఊరుకోక, చిరునామాల పుస్తకాన్ని దిద్దాలి. దిద్దకపోతే వచ్చే నెల అదే ఉత్తరం అదే గోడకు తగులుతుంది.

సంఘాలు చేయవలసినవి

మిగిలినది మీ చేతిలో ఉన్నది. మీకు మా మనవి ఇది:

1. సంఘం ఈ-మెయిలు సంఘం పేరుతోనే ఉండాలి. కార్యదర్శి గారి సొంత పేరుతో వద్దు. దాని తాళపు మాట అధ్యక్షుల వారి వద్ద కూడా సీలు వేసిన కవరులో ఉంచండి. కార్యదర్శి మారినప్పుడు పుస్తకాలు, నగదు, తూకపు సామగ్రితో పాటు పెట్టెను కూడా అప్పగింత జాబితాలో రాయించండి. ఆ రోజే తాళపు మాట మార్చండి.

2. చిరునామా మారితే సమాఖ్యకు అదే వారంలో కాగితం మీద రాసి, సంతకం చేసి పంపండి. అక్షరాలు విడివిడిగా రాయండి.

3. పెట్టెను రోజూ తెరవండి. పాలు కొలిచే రెండు పూటలలో ఒక పూట అందుకు అయిదు నిమిషాలు చాలు. అక్కరలేని వీడియోలు, పెద్ద ఫోటోలు తీసివేయండి.

4. చెత్త ఉత్తరాల గదిని కూడా వారానికి ఒకసారి చూడండి. సమాఖ్య ఉత్తరం అక్కడ పడితే బయటికి తీసి, అది చెత్త కాదని గుర్తు పెట్టండి.

5. సంఘం నుంచి పంపిన ఉత్తరం తిరిగివస్తే, అదే చిరునామాకు మళ్ళీ మళ్ళీ పంపకండి. తిరుగు ఉత్తరంలోని సంఖ్యను చూడండి. 4 అయితే ఓపిక పట్టండి, 5 అయితే చిరునామా సరిచూడండి. అర్థం కాకపోతే మాకు ఫోను చేయండి.

6. టీకా తేదీ వంటి ముఖ్యమైన కబురు వస్తే, పాల కేంద్రం నోటీసు పలక మీద రాయించి, పాలు పోయడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి. పెట్టెలో పడినంత మాత్రాన ఉత్తరం అందినట్టు కాదు. సభ్యురాలి చెవిన పడినప్పుడే అందినట్టు.

సోదర సోదరీమణులారా! సహకార సంఘానికి సభ్యుల రిజిస్టరు ఎంత ముఖ్యమో చిరునామాల పుస్తకం అంత ముఖ్యం. అందులో ఒక తప్పు ఉన్నదంటే, ఒక ఊరి పాడిరైతులకు మన మాట వినిపించడం లేదని అర్థం. ప్రతి సర్వసభ్య సమావేశంలోను సంఘం చిరునామాను, ఫోను నంబరును ఒకసారి చదివి వినిపించి, సరైనవేనని నిర్ణయాల పుస్తకంలో రాయించవలసిందిగా కోరుతున్నాము. ఈ ఏటి సమావేశంతోనే ఆ పని మొదలుపెట్టండి. తుపాను నెలలు రాకముందే అది పూర్తి అయితే మీకూ మాకూ మేలు.